పింగ్‌యావ్ పాత లోగిలి సత్రంలో బస చేయాలంటే

చైనా వెళ్ళే మనవాళ్ళు ఎక్కువగా బీజింగ్‌లోనో షాంఘైలోనో పెద్ద హోటల్లో దిగి, అటునుంచి అటే తిరిగొచ్చేస్తారు. ప్రయాణంలో మూడు రోజులు మిగిల్చుకోగలిగితే షాన్షీ రాష్ట్రంలోని పింగ్‌యావ్ వెళ్ళండి. కోటగోడ లోపల, చైనా ఆఖరి రాచవంశమైన చింగ్ రాజుల కాలంనాటి ఇంట్లో నడుస్తున్న సత్రంలో ఉండండి. వీటిని చైనీయులు ‘ఖజాన్’ అంటారు. ‘ఖ’ అంటే అతిథి. ‘జాన్’ అంటే సరుకు దించుకునే కొట్టు, మజిలీ. దూరదేశం పోయే వర్తకులు బళ్ళు విప్పి, మూటలు దించి, తిని పడుకునే చోటన్నమాట. మన పూటకూళ్ళ ఇంటికి, సత్రానికి మధ్యరకం అనుకోండి.

హోటల్ బుక్ చేసినట్టు నక్షత్రాలు చూసి దీన్ని బుక్ చేస్తే ఇబ్బంది పడతారు. నేను మొదటిసారి అలాగే చేశాను. ఫొటోలో ఎర్ర లాంతర్లు అందంగా ఉన్నాయని గది తీసుకుంటే రాత్రంతా చలి, పక్కగది మాటలు. రెండోసారి ఇల్లు ఎలా కట్టారో తెలుసుకుని వెళ్ళాను. ఊరు అదే, ఖర్చూ దాదాపు అంతే, అయినా ఆ మూడు రాత్రులు ఇప్పటికీ గుర్తున్నాయి. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువభాగం ఇంటి గురించే ఉంటుంది. మిగతా ఏర్పాట్లు దాని వెనకే వస్తాయి.

ముందు ఊరు సంగతి

పింగ్‌యావ్ కోటగోడ ఇప్పుడున్న రూపంలో 1370లో లేచింది. చుట్టుకొలత 6 కిలోమీటర్ల పైమాటే. లోపల మట్టి దిమ్మిస కొట్టి, పైన ఇటుక కట్టారు. ద్వారాలు 6. దక్షిణద్వారం తల, ఉత్తరద్వారం తోక, తూర్పు పడమరల్లో రెండేసి కాళ్ళు అని లెక్కేసి దీన్ని తాబేలు ఊరంటారు. లోపల దాదాపు 4,000 పాత లోగిళ్ళున్నాయి, వాటిలో 400కి పైగా చెక్కు చెదరనివి. 1997లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇన్ని ఇళ్ళు ఎలా మిగిలాయనేది కూడా తెలుసుకోవాల్సిందే. 19వ శతాబ్దంలో ఈ చిన్న ఊరు చైనా అంతటికీ డబ్బు పంపించే కేంద్రం. 1823లో ఇక్కడ మొదలైన రిషంగ్‌చాంగ్ అనే కొట్టు, ఒక ఊళ్ళో వెండి కట్టి ఇంకో ఊళ్ళో కాగితం చూపించి తీసుకునే పద్ధతిని నిలబెట్టింది. మన దగ్గర పూర్వం వర్తకుల మధ్య నడిచిన హుండీ కాగితం లాంటిదే. ఆ లాభాలతో లేచినవే ఈ లోగిళ్ళు. 1912లో రాచరికం కూలాక ఆ కొట్లూ కూలిపోయాయి. చేతిలో డబ్బు లేకపోవడంతో పాతవి పడగొట్టి కొత్తవి కట్టుకునే స్తోమత ఊరికి లేకుండా పోయింది. 1980ల మొదట్లో రోడ్ల వెడల్పు కోసం పడగొట్టడం మొదలైతే, తోంగ్‌జీ విశ్వవిద్యాలయం ఆచార్యుడు రువాన్ యీసాన్ అడ్డుపడి, పాత ఊరిని వదిలేసి కొత్త ఊరు గోడ బయట కట్టుకునేలా ప్రణాళిక గీసిచ్చాడు. మీరు పడుకోబోయే గది ఆ ప్రణాళిక పుణ్యమే.

ఎప్పుడు వెళ్ళాలి

ఏప్రిల్, మే రెండో సగం, సెప్టెంబరు, అక్టోబరు రెండో సగం బాగుంటాయి. మే 1 చుట్టూ వచ్చే సెలవుల్లోనూ, అక్టోబరు 1 నుంచి 7 దాకానూ అసలు వెళ్ళొద్దు. వీధిలో భుజం భుజం రాసుకుంటుంది, గది అద్దె రెట్టింపు దాటుతుంది. సెప్టెంబరులో 2001 నుంచి ఏటా అంతర్జాతీయ ఫొటోగ్రఫీ ఉత్సవం జరుగుతుంది. ఆసక్తి ఉంటే ఆ రోజులకే వెళ్ళండి, కానీ గది ముందే చూసుకోండి. వాళ్ళ కొత్త సంవత్సరానికి లాంతర్ల వెలుగులో ఊరు చాలా బాగుంటుంది. అయితే అది గడ్డకట్టే చలికాలం. మన హైదరాబాద్ స్వెట్టర్లు దానికి సరిపోవు.

ఇల్లు చదవడం నేర్చుకోండి

గోదావరి జిల్లాల్లో మండువా లోగిలి చూసినవాళ్ళకి ఇది తేలిక. నడిమధ్య ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ నాలుగువైపులా గదులు. చైనాలో దీన్ని ‘సిహయువాన్’ అంటారు, నాలుగు కలిసిన లోగిలి అని అర్థం. మన మండువాలో వాన నాలుగు చూర్ల నుంచి నట్టింట్లోకి పడినట్టే పింగ్‌యావ్‌లోనూ పక్కగదుల కప్పులు లోపలికే వాలి ఉంటాయి. వీధివైపు గోడ నిట్టనిలువుగా లేస్తుంది, దానికి కిటికీ ఉండదు. దొంగల భయమూ ఒక కారణం. ఇంకొకటి వాళ్ళ నమ్మకం: నీళ్ళంటే సిరి, మన కప్పు మీద పడ్డ నీళ్ళు మన వాకిట్లోకే రావాలి.

ఆ నమ్మకం మీ గదిని నేరుగా తాకుతుంది. గదికి వీధివైపు కిటికీ లేదు కాబట్టి గాలీ వెలుతురూ వాకిట్లోంచే రావాలి. తెర తీస్తే వెలుతురు వస్తుంది, కానీ వాకిట్లో టీ తాగుతున్నవాళ్ళకి మీ పడక కనిపిస్తుంది. తెర వేస్తే పట్టపగలు దీపం పెట్టుకోవాలి. దీన్ని లోపంగా తీసుకోకండి. ఆ కాలంలో ఇంట్లో అందరూ ఒకే కుటుంబం, దాపరికం అక్కర్లేదు. మీరు మాత్రం గది ఎంచుకునేటప్పుడు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

వీధిగుమ్మం దాటగానే ఎదురుగా ఒక అడ్డుగోడ కనిపిస్తుంది. దీన్ని యింగ్‌బీ అంటారు. బయటివాళ్ళ చూపు, చెడుగాలి తిన్నగా లోపలికి పోకుండా కట్టినది. దాన్ని చుట్టుకుని వెళితే ముందు వాకిలి, తర్వాత ఇంకో గుమ్మం, దాని వెనక లోపలి వాకిలి. ఉత్తరం కొసన దక్షిణముఖంగా ఉన్నది పెద్దగది. ఇంటి పెద్దలు ఉండేది అక్కడే. తూర్పు పడమరల్లో ఉన్న వరస గదులు పిల్లలవి. గుమ్మం పక్కన, పెద్దగదికి ఎదురుగా ఉన్నవి పనివాళ్ళకీ అతిథులకీ.

పింగ్‌యావ్ ప్రత్యేకత ఈ పెద్దగదిలోనే ఉంది. మిగతా చైనాలో ఎక్కువచోట్ల అది కర్రదూలాల మీద పెంకుల కప్పు. ఇక్కడ మాత్రం ఇటుకతో కమాను కప్పు వేసి, దాని పైన మట్టి నింపుతారు. షాన్షీ కొండల్లో జనం పసుపు మట్టిని తొలిచి గుహల్లాంటి ఇళ్ళు కట్టుకునేవారు. ఊళ్ళోకొచ్చి ధనవంతులయ్యాక కూడా ఆ గుహనే ఇటుకతో కట్టుకున్నారు. గోడ మందం మూరకి పైమాటే. ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంటుంది, పక్కగది చప్పుడు కూడా తక్కువ. బుక్ చేసేటప్పుడు ‘ఉత్తరం వైపు పెద్దగది కావాలి, కమాను కప్పుది’ అని అడగండి. నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇది తీసుకోమనే చెప్తాను.

అది దొరక్కపోతే పక్కగదుల్లో ఏది? తూర్పువరస గదులు పడమరకి తెరుచుకుంటాయి, మధ్యాహ్నం ఎండ లోపలికి కొడుతుంది. వేసవిలో అవి వద్దు, చలికాలంలో మంచివే. పడమటివరస గదులకి ఉదయపు ఎండ వస్తుంది, వేసవికి నయం. గుమ్మం పక్క గదుల్లో వచ్చేపోయేవాళ్ళ అలికిడి, సూట్‌కేసు చక్రాల చప్పుడు తప్పవు. పైన కర్ర మేడ ఉన్న ఇళ్ళలో మేడగది చూడడానికి ముద్దుగా ఉంటుంది గానీ మెట్లు నిటారుగా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలని తీసుకెళ్తుంటే కిందిగదే అడగండి.

ఖాంగ్ అనే పడక

ఈ ఇళ్ళలో మంచం ఉండదు. గోడనుంచి గోడదాకా ఇటుకతో కట్టిన పెద్ద అరుగు ఉంటుంది, దాన్ని ‘ఖాంగ్’ అంటారు. మన వీధరుగుని గదిలోకి తెచ్చి, దాని కింద పొగగొట్టం తిప్పారనుకోండి. పక్కనే పొయ్యి. వంట పొయ్యి వేడి, పొగ అరుగు కిందనుంచి తిరిగి గోడలోంచి బయటికి పోతాయి. వంట అయిపోయినా ఇటుక రాత్రంతా వెచ్చగా ఉంటుంది. చలికాలం పగటిపూట కూడా కుటుంబమంతా దాని మీదే. చిన్న బల్ల వేసుకుని అక్కడే తిండి, అక్కడే కుట్టుపని, అక్కడే కబుర్లు.

ఇప్పుడు సత్రాల్లో ఎక్కువగా కరెంటుతోనో రేడియేటర్లతోనో వేడి చేస్తారు. ఖాంగ్ మీద పలచటి పరుపు వేస్తారు. అందుకే మీరు ముందే అడగాల్సినవి రెండు. ఒకటి, ఖాంగ్‌కి ఇప్పుడు వేడి ఉందా, ఉంటే దేంతో. రెండు, పరుపు అదనంగా వేస్తారా. చాప మీద పడుకున్న అలవాటున్నవాళ్ళకి ఖాంగ్ హాయి. స్ప్రింగు పరుపుకి అలవాటు పడ్డ నడుం మొదటి రాత్రి మొరాయిస్తుంది. ఇంకో దుప్పటి కావాలంటే ‘బేయ్‌జ’ అనండి, తెచ్చిస్తారు. దాన్ని కింద పరుచుకోండి.

ఒక హెచ్చరిక. ఎక్కడైనా గదిలో బొగ్గు కుంపటి గానీ బొగ్గు పొయ్యి గానీ కనిపిస్తే ఆ గదిలో పడుకోకండి, వేరే గది అడగండి. తలుపులు బిగించిన గదిలో బొగ్గు పొగ వాసన తెలియకుండానే ప్రాణం తీస్తుంది. ఇందులో మొహమాటం పనికిరాదు.

ఖాంగ్ వెడల్పు మీకు కలిసొచ్చే సంగతి కూడా. భార్యాభర్తలు, ఇద్దరు చిన్నపిల్లలు ఒకే ఖాంగ్ మీద సుఖంగా సర్దుకోవచ్చు. పిల్లలని లెక్కలో చెప్పి, ఒప్పుకుంటారో లేదో ముందే కనుక్కోండి.

వీసా, పేర్లు, డబ్బు

భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి వీసా తప్పదు. హైదరాబాదులో చైనా కాన్సులేట్ లేదు కాబట్టి ఢిల్లీ, ముంబయి లాంటి చోట్లకి వెళ్ళాలి, లేదా ఏజెంటు చేత చేయించుకోవాలి. దరఖాస్తుతో పాటు ఎక్కడెక్కడ ఉంటారో చూపించాల్సి ఉంటుంది. అందుకని ముందు రద్దు చేసుకోగలిగే బుకింగ్ చేయండి, వీసా వచ్చాక ఖాయం చేసుకోవచ్చు. అమెరికా లాంటి దేశాల పాస్‌పోర్టున్న మన తెలుగువాళ్ళు 240 గంటల వీసారహిత మజిలీ వాడుకుందామనుకుంటే, అది దేశమంతటా చెల్లదని గుర్తుంచుకోండి. ఏ రాష్ట్రంలో ఏయే ఊళ్ళకి వర్తిస్తుందో జాబితా ఉంటుంది. అందులో పింగ్‌యావ్ వస్తుందో లేదో చూసుకున్నాకే విమానం టికెట్టు కొనండి.

మనకి పేర్లతో ఒక చిక్కుంది. ఇంటిపేరు పొడుగు, పేరు ఇంకా పొడుగు. పాస్‌పోర్టులో కొందరికి ఇంటిపేరు గడి ఖాళీ, కొందరికి అంతా ఒకే గడిలో. రైలుకీ సత్రానికీ వీసాకీ పాస్‌పోర్టు అడుగున రెండు వరసల్లో అచ్చైన పేరే, అదే క్రమంలో, ఒక్క అక్షరం తేడా లేకుండా ఇవ్వండి. ఇంట్లో పిలిచే పేరుతో బుక్ చేస్తే దిగేచోట అరగంట వివరించుకోవాలి.

డబ్బు మొత్తం ఫోన్లోనే. అలీపే, వీచాట్ అనే చెల్లింపు యాప్‌లు రెండూ ఇక్కడే ఫోన్లో ఎక్కించుకుని, పాస్‌పోర్టు వివరాలిచ్చి, విదేశీ వాడకం తెరిచిన వీసా లేదా మాస్టర్ కార్డు కలుపుకోండి. వీచాట్ ఖాతా తెరవడానికి ఒక్కోసారి ఇప్పటికే వాడుతున్నవాళ్ళు స్కాన్ చేసి సాయపడాలి, కాబట్టి విమానం ఎక్కే ముందురోజు దాకా ఆగొద్దు. 200 యువాన్లు దాటిన చెల్లింపు మీద విదేశీ కార్డుకి రుసుం పడుతుంది. గది అద్దె కట్టేటప్పుడు అది కలుస్తుంది. యూపీఐ మీద ఆశ పెట్టుకోవద్దు. కొన్ని వందల యువాన్ల నోట్లు కూడా జేబులో ఉంచుకోండి.

గూగుల్, వాట్సాప్ అక్కడి ఇంటర్నెట్‌లో పనిచేయవు. మన సిమ్ రోమింగ్‌లో పెట్టుకుంటే పనిచేస్తాయి. సత్రం వైఫైలో పనిచేయవు. అనువాదానికి చైనా భాషని ముందే ఫోన్లోకి దించుకోండి.

సత్రం ఎంచుకుని యజమానికి రాయడం

చైనాలో విదేశీయులు దిగిన 24 గంటల్లోపు పోలీసుల దగ్గర నమోదు కావాలి. పెద్ద హోటళ్ళలో అది మనకి తెలియకుండానే జరిగిపోతుంది. చిన్న సత్రంవాళ్ళకి ఆ విధానం తెలియకపోవచ్చు. విదేశీయులని కాదనొద్దని 2024లో ప్రభుత్వం చెప్పింది. అయినా రాత్రి పదకొండింటికి సామాన్లతో గుమ్మంలో నిలబడి వాదించేకంటే ముందే అడగడం మేలు. అందుకే విదేశీ ప్రయాణికులు రాసిన అభిప్రాయాలు ఉన్న సత్రాన్నే ఎంచుకోండి. మీరు చలికాలంలో వెళ్తుంటే చలికాలంలో రాసిన అభిప్రాయాలే చదవండి. వేసవిలో మెచ్చుకున్న గది జనవరిలో వేరుగా ఉంటుంది.

చోటు విషయంలో నా మాట ఒకటే: దక్షిణవీధి మీద తీసుకోకండి. మధ్యలో సంతబురుజు ఉన్న ఆ వీధి ఊరికి గుండెకాయ, నిజమే. కానీ రాత్రి దాకా కొట్ల మైకులు, పాటలు. అక్కడికి నడిచి ఐదు నిమిషాల దూరంలో, రెండు మూడు సందుల లోపల ఉన్న ఇల్లు చూడండి.

ఇల్లు దొరికాక యజమానికి సందేశం పంపండి. అనువాద యంత్రం పొడుగు వాక్యాన్ని చెడగొడుతుంది. ఒక్కో ప్రశ్న ఒక్కో చిన్న వాక్యంగా రాయండి:

- మేము భారత పాస్‌పోర్టుతో వస్తాం. పోలీసు నమోదు మీరు చేయగలరా?
- ఆ గది పెద్దగదా, పక్కగదా? ఏ దిక్కుకి తెరుచుకుంటుంది?
- ఖాంగ్‌కి వేడి ఉందా?
- స్నానాల గది మా ఒక్కరికేనా? వేడినీళ్ళు 24 గంటలూ వస్తాయా?
- కమోడ్ ఉందా?
- స్టేషన్‌కి మనిషినో బండినో పంపగలరా? ఎంత?
- మీ చిరునామా చైనా అక్షరాల్లో, మీ ఫోన్ నంబరు పంపండి.

జవాబు ఎంత త్వరగా, ఎంత ఓపికగా వస్తుందో గమనించండి. అడిగినదానికి ఫొటో తీసి పంపినవాళ్ళ ఇల్లు దాదాపు ఎప్పుడూ బాగుంటుంది.

స్నానాల గది గురించి ఒక మాట. పాత ఇంట్లో అది ఉండేది కాదు. గది మూలలో తరవాత కట్టినది, ఇరుకుగా ఉంటుంది. కాలువ వాసన వస్తే జాలీలో ఒక చెంబెడు నీళ్ళు పోసి తలుపు మూసేయండి, తగ్గుతుంది. ప్లాస్టిక్ మగ్గు ఒకటి పెట్టెలో పడేసుకోండి.

చేరుకోవడం

చైనాలో రెండు షాన్షీలున్నాయి. శియాన్ నగరం ఉన్నది ఒకటి, తైయువాన్ నగరం ఉన్నది ఇంకొకటి. తెలుగులో రాస్తే రెండూ ఒకటే. పింగ్‌యావ్ ఉన్నది తైయువాన్ నగరం ఉన్న రాష్ట్రంలో. వేగరైలు దిగాల్సిన స్టేషన్ పేరు ‘పింగ్‌యావ్ గుచెంగ్’. బీజింగ్ నుంచి సుమారు 4 గంటలు, శియాన్ నుంచి సుమారు 3 గంటలు, తైయువాన్ నుంచి గంటలోపే. టికెట్లు ప్రయాణానికి 15 రోజుల ముందు తెరుస్తారు. పాస్‌పోర్టే టికెట్టు, కాగితం ఏమీ ఉండదు.

ఈ స్టేషన్ పాత ఊరికి కొన్ని కిలోమీటర్ల బయట ఉంది. టాక్సీ, సిటీ బస్సు రెండూ దొరుకుతాయి. మామూలు రైళ్ళు ఆగే పాత పింగ్‌యావ్ స్టేషన్ అయితే కోటగోడకి దగ్గర. కార్లని గోడ లోపలికి రానివ్వరు, ద్వారం దగ్గరే దింపేస్తారు. అక్కడినుంచి బ్యాటరీ బళ్ళున్నాయి. ఎక్కేముందే ధర మాట్లాడుకుని, చైనా అక్షరాల చిరునామా చూపించండి. రాళ్ళు పరిచిన సందుల్లో చక్రాల సూట్‌కేసు లాగడం కష్టం. వీపుకి తగిలించుకునే సంచీ అయితే హాయి. ఊళ్ళోకి వెళ్ళడానికి, వీధుల్లో తిరగడానికి టికెట్టు అక్కర్లేదు. కోటగోడ ఎక్కడానికీ పాత కొట్లు, గుళ్ళు లోపల చూడడానికీ కలిపి ఒకే టికెట్టు అమ్ముతారు.

గడప దాటాక

గడప ఎత్తుగా ఉంటుంది. దాన్ని తొక్కకండి, దాటండి. మనకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. మన ఇళ్ళలో గడప మీద కూర్చుంటే అమ్మమ్మ ఎందుకు కసిరేదో అక్కడా అదే మర్యాద. నేను అలవాటుగా దాటి లోపలికి వెళ్ళడం చూసి ఆ ఇంటావిడ ముఖం విచ్చుకుంది.

యజమానిని ‘లావ్‌బాన్’ అని, ఇల్లు నడిపేది ఆవిడైతే ‘లావ్‌బాన్‌న్యాంగ్’ అని పిలవండి. పాస్‌పోర్టు తీసుకుని ఫొటో తీస్తారు. కొందరు ‘యాజిన్’ అని కొంత ధరావతు అడుగుతారు, వెళ్ళేటప్పుడు తిరిగిస్తారు. రసీదు ఫొటో తీసుకోండి. పగటివెలుతురులోనే వీధిగుమ్మాన్నీ దాని మీద నంబరునీ ఫొటో తీయండి. అన్నీ బూడిదరంగు ఇటుక గోడలే, రాత్రి ఏ సందు చూసినా ఒకేలా ఉంటుంది.

గది తలుపు రెండు రెక్కలది. లోపల కర్ర గడియ, బయట తాళం. అది వేయడం తీయడం ఒకసారి యజమాని ఎదురుగానే చేసి చూడండి. వీధిగుమ్మం రాత్రి మూసేస్తారు. ఆలస్యంగా వస్తారనుకుంటే ముందే చెప్పండి.

కిటికీలకి సన్నటి కర్ర అల్లిక, దాని వెనక ఎర్ర కాగితంతో కత్తిరించిన బొమ్మలు ఉంటాయి. ఆ అల్లిక మీద తడిబట్టలు ఆరేయకండి. గదిలో అగరొత్తులు, కర్పూరం వెలిగించకండి. ఎండిపోయిన పాత కర్ర అది. ఈ మట్టి కట్టడాలకి నీళ్ళన్నా భయమే. 2021 అక్టోబరులో ఎడతెరిపిలేని వానలకి ఇక్కడి కోటగోడలోనే ఒక ముక్క కూలింది. కుళాయి విప్పి మరిచిపోవడం ఇలాంటి ఇంట్లో చిన్న తప్పు కాదు.

రాత్రి పది దాటాక వాకిట్లో మాట్లాడకండి. మామూలు గొంతు కూడా నాలుగువైపులా మోగుతుంది. చెవుల్లో పెట్టుకునే దూది తీసుకెళ్ళండి, అవతలివాళ్ళు ఈ మాట చదివి ఉండరు కదా.

కుళాయి నీళ్ళు తాగొద్దు. గదిలో కెటిల్ ఉంటుంది, లేకపోతే ‘ఖైష్వే’ అంటే కాచిన నీళ్ళిస్తారు. సాకెట్లలో మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్గు పట్టదు, అడాప్టర్ కావాలి.

తిండి

పొద్దున్నే ఇంటావిడ గిన్నెలో పసుపుపచ్చటి జావ తెచ్చి పెడుతుంది. ‘శ్యావ్‌మీ’ జావ అంటారు. నోట్లో పెట్టుకోగానే ఎక్కడో తిన్నాననిపించింది. అవి కొర్రలు. రాయలసీమలో కొర్రన్నం తిన్న ధాన్యమే, అక్కడ ఉప్పు కూడా లేకుండా పలచగా కాస్తారు. మన ఆవకాయ ముక్క పక్కన పెట్టుకుంటే అమృతం. దాంతోపాటు ఆవిరి మీద ఉడికిన రొట్టె, గుడ్డు, ఊరేసిన కూర వస్తాయి.

షాన్షీ గోధుమ, ఓట్స్, జొన్నల నేల. వరి తక్కువ. ఓట్స్ పిండిని పలచగా గొట్టాల్లా చుట్టి, తేనెపట్టులా నిలబెట్టి ఆవిరి మీద ఉడికించే ‘ఖావ్‌లావ్‌లావ్’ తప్పక తినండి. పిండి ముద్దనుంచి కత్తితో నేరుగా మరుగుతున్న నీళ్ళలోకి చెక్కే ‘దావ్‌శ్యావ్’ నూడుల్స్ కూడా. ప్రతి బల్ల మీదా నల్లటి సీసా ఉంటుంది. అది జొన్నలు ప్రధానంగా పులియబెట్టి ఏళ్ళతరబడి నిలవచేసిన వెనిగర్. చింతపండు పులుపు ఎరిగిన నాలుకకి ఇది ఇట్టే నచ్చుతుంది.

ఈ ఊరు గొడ్డుమాంసానికి ప్రసిద్ధి, చల్లగా ముక్కలు కోసి చాలాచోట్ల పెడతారు. తిననివాళ్ళు ముందే చెప్పాలి. శాకాహారులు ‘మాంసం లేదు’ అంటే చాలదు, పులుసు మాంసం ఉడికించినదే కావచ్చు. ‘మాంసం, చేప, మాంసం పులుసు, జంతువుల కొవ్వు ఏవీ తినను’ అని చైనా అక్షరాల్లో రాసి ఫోన్లో పెట్టుకుని చూపించండి. నోటితో పలికితే స్వరం తప్పి అర్థం మారుతుంది. ఇంకా మంచిది, రాత్రి భోజనం సత్రంలోనే చెప్పుకోండి. ఇంటావిడ ఎదురుగా నిలబడి చూపిస్తే వంకాయ, టమాటా, బంగాళాదుంప, గుడ్డు ఏది కావాలంటే అది వండి పెడుతుంది.

రోజులు ఎలా గడపాలి

గోడ లోపల బస చేసినందుకు అసలు ఫలం పొద్దున ఆరు నుంచి ఎనిమిది. పగటి యాత్రికుల బస్సులు ఇంకా రావు. కొట్ల తలుపు చెక్కలు వేసే ఉంటాయి. ముసలివాళ్ళు చేతులు ఊపుకుంటూ నడుస్తుంటారు, ఎవరో వాకిలి ఊడుస్తుంటారు. ఆ రెండు గంటలు సందుల్లో తిరగండి. మధ్యాహ్నం రద్దీలో మీ వాకిట్లోకొచ్చి టీ పెట్టుకుని కూర్చోండి.

పడమటివీధిలోని రిషంగ్‌చాంగ్‌ని రెండోరోజు చూడండి, మొదటిరోజు వద్దు. ఒక రాత్రి లోగిలిలో పడుకున్నాక ఆ కట్టడం దానంతటదే అర్థమవుతుంది. ముందు వాకిలికి అటూ ఇటూ లెక్కల గదులు, లోపలికి పోయేకొద్దీ పెద్దలు మాట్లాడుకునే గదులు. మీరున్న ఇంటి నమూనాయే.

మూడోరోజు టాక్సీ మాట్లాడుకుని బయటికి వెళ్ళండి. నైరుతిలో 6 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ష్వాంగ్‌లిన్ గుడి, అందులో రంగులద్దిన మట్టి విగ్రహాలు 2,000 దాకా ఉన్నాయి. ఒక్కొక్కదాని ముఖం ఒక్కోలా ఉంటుంది. ఇంకోవైపు జెన్‌గువో గుడిలో 963లో కట్టిన కర్ర మందిరం ఇంకా నిలబడి ఉంది. సమయం ఒక్కదానికే ఉంటే ష్వాంగ్‌లిన్‌కి వెళ్ళండి.

పింగ్‌యావ్ దారిలో లేనివాళ్ళు ఇదే అనుభవం కోసం ఆన్‌హ్వే రాష్ట్రంలోని హోంగ్‌సున్, షీదీ పల్లెలు చూడొచ్చు. అక్కడి ఇళ్ళలో నడిమి ఖాళీ చిన్నది, బావిలా ఉంటుంది. మన మండువాకి ఇంకా దగ్గర. ఖాంగ్ మాత్రం ఉండదు.

బయల్దేరేటప్పుడు

తెల్లవారుజామున రైలుంటే ముందురోజు సాయంత్రమే లావ్‌బాన్‌కి చెప్పండి. ధరావతు అప్పుడే తీసేసుకోండి, బ్యాటరీ బండికి ఆయన చేతే ఫోన్ చేయించండి. నేను ఐదున్నరకి వెళ్ళాలన్నానని ఆయన కోటు మీద కోటు వేసుకుని, నాకంటే ముందే లేచి, వీధిగుమ్మం గడియ తీసి నిలబడ్డాడు. చేతిలో ప్లాస్టిక్ సంచీలో రెండు ఉడికించిన గుడ్లు, వేడిగా ఒక ఆవిరి రొట్టె. సంచీ మోకాలికి తగిలి గడప మీద పడబోయింది, ఆయనే పట్టుకున్నాడు.